పోయినోళ్ల పింఛను, పక్కింటోళ్ల కారు: పథకాలపై మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ముప్పాతిక వంతు ఆంధ్రప్రదేశ్‌లో పింఛన్లు, రేషన్ కార్డుల తనిఖీ గురించే. కొందరు పక్కవాళ్ల మీద రాశారు, కొందరు తమకొచ్చిన నోటీసు చూసుకుని కంగారుగా రాశారు, ఒకాయనైతే ఈ రెండూ ఒకే ఉత్తరంలో రాసేశారు. ఎవరి పేరూ వేయడం లేదు. ఊరు కూడా దగ్గర్లో ఉన్న పెద్ద ఊరి పేరే వేస్తున్నాం, ఎందుకంటే కోనసీమలో పల్లె పేరు వేస్తే మనిషి పేరు వేసినట్టే.

మా నాన్నగారు పోయిన నెలాఖరులో కాలం చేశారు. ఆయనకు వృద్ధాప్య పింఛను వచ్చేది, అమ్మకు ఏమీ రాదు. మా బావ "రెండు మూడు నెలలు చెప్పకండి, గ్రామ సచివాలయంలో నాకు తెలిసినవాళ్లున్నారు, ఎలాగోలా ఇప్పిస్తా" అంటున్నాడు. తప్పేనని తెలుసు, కానీ అమ్మకు వేరే ఆధారం లేదు. (కొత్తపేట)

మీ బావగారి మాట వినకండి. ఆయన చెప్పే "ఎలాగోలా" ఏమిటో నేను చెబుతాను. పొలం పనులు చేసీ చేసీ వేళ్లు అరిగిపోయిన ముసలివాళ్లకు మెషిన్ మీద వేలిముద్ర పడదు, అలాంటివాళ్ల కోసం సిబ్బంది తమ వేలిముద్రతో డబ్బు ఇచ్చే వెసులుబాటు ఒకటి పెట్టారు. మంచి ఉద్దేశంతో పెట్టిందే, పోయినవాళ్ల పింఛన్లు బయటికొచ్చేదీ ఆ దారిలోనే. కాకపోతే అలా ఇచ్చిన ప్రతిసారీ ఎవరి లాగిన్‌లో జరిగిందో రికార్డు ఉండిపోతుంది. ఆ లెక్క పక్కన మరణాల రిజిస్టరు పెట్టి చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. జనన మరణాల చట్టం 1969 నాటిది, 21 రోజుల్లోపు చెప్పాలి. పల్లెల్లో ఆ రిజిస్టరు ఉండేదీ పంచాయతీ కార్యదర్శి దగ్గరే, అంటే మీ పింఛను ఇచ్చే ఆఫీసులోనే. దొరికితే మీ ఇంటి నుంచి రికవరీ, ఆ ఉద్యోగికి సస్పెన్షన్. ఈ లోపల మీ బావగారికి మాత్రం ఏమీ కాదు, గమనించారా?

అసలు విషయం మీకెవరూ చెప్పినట్టు లేదు. 2024 నవంబరు నుంచి, పింఛను తీసుకుంటున్న భర్త పోతే భార్యకు వెంటనే పింఛను ఇచ్చే ఏర్పాటు ఉంది, అదీ నాలుగు వేలే. దానికి కావలసింది మరణ ధ్రువీకరణ పత్రం, అమ్మగారి ఆధార్. అంటే నాన్నగారు పోయిన సంగతి దాచినన్నాళ్లూ అమ్మగారికి హక్కుగా రావలసింది మీరే ఆపుతున్నట్టు. రేపే వెళ్లి చెప్పండి. ఒకవేళ ఈ ఒకటో తారీఖున డబ్బు తీసుకుని ఉంటే అది కూడా వెనక్కి కట్టేసి రశీదు అడగండి. రశీదు ఇవ్వకపోతే డబ్బు ఇవ్వకండి.

మా వీధిలో ఒకాయన చెవుడు సర్టిఫికెట్ మీద ఆరు వేలు తీసుకుంటున్నాడు. కోడిపందేల రోజుల్లో ఫోను చెవికి పెట్టుకుని రోజంతా బేరాలాడతాడు, వీధి చివర ఎవడు ఎంత పందెం కాశాడో అన్నీ వినపడతాయి. డాక్టర్లకు ఇది ఎందుకు తెలియడం లేదు? ఫిర్యాదు చేస్తే నా పేరు బయటికొస్తుందా? (పాలకొల్లు)

మామూలు వినికిడి పరీక్ష ఎలా చేస్తారో తెలిస్తే సగం సమాధానం అదే. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినపడినప్పుడు బటన్ నొక్కమంటారు. నొక్కకుండా కూర్చుంటే చెవుడు. అంతే. మనిషి సహకారం మీద ఆధారపడ్డ పరీక్ష అది. దానికి విరుగుడు బెరా పరీక్ష. నుదుటి మీద, చెవుల వెనక తీగలు అంటించి చెవిలో టక్ టక్ మనే శబ్దాలు వదులుతారు, మెదడు కింది భాగం దానికి స్పందించిందో లేదో మెషినే గీత గీసి చూపిస్తుంది. అక్కడ నటన పనిచేయదు, పడుకుని నిద్రపోయినా ఫలితం వస్తుంది. అయితే ఒక్కో మనిషికి చాలా టైము పడుతుంది, అన్ని ఆసుపత్రుల్లోనూ ఉండదు. వైకల్యం శాతం తేల్చే సదరం క్యాంపులో పొద్దున్నుంచీ క్యూ కట్టినవాళ్లందరికీ ఇది చేయాలంటే జరిగే పని కాదు. ఆ సందులోనే దళారులు దూరారు. స్లాట్ ఇప్పిస్తానని ఒకడు, శాతం వేయిస్తానని ఇంకొకడు.

అందుకే 2025 జనవరి నుంచి రాష్ట్రంలో పాత సర్టిఫికెట్లన్నీ మళ్లీ తిరగదోడారు. ముందు మంచానికే పరిమితమైనవాళ్లకిచ్చే పదిహేను వేల పింఛన్లు చూశారు, ఇళ్లకే వెళ్లి. తర్వాత ఆరు వేల పింఛను తీసుకునేవాళ్లను ఆసుపత్రులకు పిలిచారు. పింఛనుకు కనీసం ఉండాల్సిన 40 శాతం కంటే తక్కువ తేలినవాళ్లకు ఆ ఏడాది ఆగస్టులో నోటీసులొచ్చాయి. చట్టం కూడా మెతకగా ఏమీ లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 91వ సెక్షన్ ప్రకారం, దివ్యాంగులకిచ్చే ప్రయోజనాన్ని మోసంతో పొందితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నా బాధల్లా ఒకటే. పింఛను ఆపడం దగ్గరే కథ ఆగిపోతోంది. దొంగ సర్టిఫికెట్ తనంతట తను పుట్టదు కదా, కింద సంతకం పెట్టిన చెయ్యి ఒకటి ఉంటుంది, మధ్యలో డబ్బు మోసిన చెయ్యి ఇంకొకటి ఉంటుంది. పింఛను తీసుకున్న ముసలాయన పేరు పేపర్లో వస్తుంది, ఆ రెండు చేతుల పేర్లూ రావు.

మీ ఫిర్యాదు సంగతికొస్తే, ఆకాశరామన్న ఉత్తరం రాయకండి, అలాంటివి చాలావరకు పక్కన పడేస్తారు. సోమవారం కలెక్టరేటులో గానీ మండలాఫీసులో గానీ జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి, లేదా 1100కు ఫోన్ చేయండి, పేరు గోప్యంగా ఉంచమని అందులోనే చెప్పండి. "వాడు దొంగ, ఊరంతా తెలుసు" అని రాస్తే ఉపయోగం లేదు. "ఈయనకు బెరా పరీక్షతో మళ్లీ నిర్ధారణ చేయించండి" అని ఒక్క వాక్యం రాయండి చాలు. లబ్ధిదారుల జాబితా చూసే హక్కు మీకుంది, సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ దాన్ని అడక్కుండానే బయట పెట్టమంటోంది. ఆయన వైద్య రికార్డు మాత్రం మీకివ్వరు, ఇవ్వకూడదు కూడా.

ఇంకొక్క మాట, మీ వీధాయన గురించి కాదు. బండి నడుపుతున్నాడు కాబట్టి వికలాంగుడు కాదు, బజారుకెళ్లింది కాబట్టి మతిస్థిమితం బాగానే ఉంది, ఇలాంటి తీర్పులు మనం అరుగు మీద కూర్చుని ఇచ్చేయకూడదు. కంటికి కనపడని వైకల్యాలు చాలా ఉన్నాయి. కింది ఉత్తరం చదవండి.

మా అబ్బాయికి చిన్నప్పటి నుంచీ ఎడమ కాలు సన్నం, కుంటుతూ నడుస్తాడు. పాత సర్టిఫికెట్‌లో 52 శాతం ఉంది. మళ్లీ పరీక్ష చేసి 36 అన్నారు, నోటీసు ఇచ్చారు. ఊళ్లో అందరూ మమ్మల్ని దొంగ సర్టిఫికెట్ వాళ్లలాగా చూస్తున్నారు. కాలు అలాగే ఉంటే శాతం ఎలా తగ్గుతుందండీ? టెన్షన్‌తో అన్నం తినబుద్ధి కావడం లేదు. (తణుకు)

అమ్మా, శాతం తగ్గినంత మాత్రాన మీరు మోసం చేసినట్టు కాదు. ఈ ముక్క మీ ఊళ్లో నలుగురికీ చదివి వినిపించండి. వైకల్యం కొలిచే పద్ధతే మారింది. 2016 చట్టం వచ్చాక కేంద్రం 2018 జనవరిలో కొత్త మార్గదర్శకాలిచ్చింది, మళ్లీ 2024లో సవరించింది. కీలు ఎంత వంగుతుంది, కండకు ఎంత బలముంది, కాలు ఎంత పొట్టి, ఇవన్నీ విడివిడిగా కొలిచి లెక్క కడతారు. పాత పద్ధతిలో 52 వచ్చిన కాలికి కొత్త లెక్కలో తేడా రావచ్చు. డాక్టరు ఈసారి హడావుడిగా చూసి తక్కువ వేసి ఉండొచ్చు, అప్పుడు ఎక్కువ వేసి ఉండొచ్చు కూడా. ఏదైనా అది కొలతలో వచ్చిన తేడా. దానికి మీ అబ్బాయిని దోషిని చేయడం అన్యాయం.

మీరు చేయవలసింది, నోటీసులో రాసిన గడువు లోపల ఎంపీడీఓ గారికి అప్పీలు ఇవ్వడం (పట్టణంలో ఉంటే మున్సిపల్ కమిషనరుకు). నోటీసు, పాత సర్టిఫికెట్, కొత్తది, చిన్నప్పుడు చూపించిన ఆసుపత్రి కాగితాలు ఏమున్నా అన్నీ జెరాక్సులు తీసి పెట్టండి, అసలువి చేజారనివ్వకండి. మీ కాపీ మీద తారీఖుతో ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర లేకపోతే రేపు "మీరు అప్పీలే చేయలేదు" అంటారు, ఇది నేను చాలాసార్లు విన్న మాట. అప్పీలు పెడితే వేరే ఆసుపత్రిలో మళ్లీ చూస్తారు. 2025లో నోటీసుల మీద గొడవ జరిగినప్పుడు అప్పీలు చేసుకున్నవాళ్లకు పింఛను ఆపకుండా ఇచ్చారు, కాబట్టి మీ అర్జీలో అదే అడగండి. మళ్లీ పరీక్షకు వెళ్లేటప్పుడు అబ్బాయి ఏ పని చేయలేడో డాక్టరుకు చెప్పమనండి. మనవాళ్లు సిగ్గుపడి "బాగానే ఉన్నానండీ" అంటారు, డాక్టరు అదే రాసుకుంటారు.

మా ఆడపడుచు భర్త గవర్నమెంటు టీచరు. ఆమె అత్తమామలు అదే ఇంట్లో, అదే వంట తింటారు. కానీ కార్డు వేరు చేయించి మామగారికి పింఛను తెప్పించారు. ఇంటి ముందు కారు. ఇది మోసం కాదా? (భీమవరం)

మీరు రాసిందే నిజమైతే, మోసమే. ప్రభుత్వ ఉద్యోగి ఉన్న కుటుంబానికి పింఛను లేదు. ఆరు అంచెల తనిఖీ అంటారే, అందులో ఇదొకటి. మిగతా షరతుల్లో కొన్ని: మాగాణి మూడెకరాలు, మెట్ట అయితే పదెకరాలు మించకూడదు, నెలకు 300 యూనిట్ల కరెంటు దాటకూడదు, సొంత కారు ఉండకూడదు (ట్రాక్టరు, ఆటో, టాక్సీ ఫర్వాలేదు), ఆదాయపు పన్ను కట్టకూడదు, నెలాదాయం పల్లెలో పది వేలు, పట్నంలో పన్నెండు వేలు దాటకూడదు. కార్డు రెండుగా చీల్చినా ఇంటి కరెంటు మీటరు ఒకటే ఉంటుంది, అక్కడే చాలామంది దొరుకుతారు.

అయితే ఈ నిబంధనకు రెండో వైపు ఉంది. జీతం తెచ్చే కొడుకు ఉండి కూడా పెరటి రేకుల షెడ్డులో వేరే పొయ్యి పెట్టుకుని వండుకునే తల్లిదండ్రులు మన ఊళ్లలో లేరా? వాళ్లను కంప్యూటరు ఒక్క గీతతో కొట్టేస్తుంది. అలాంటప్పుడు వీఆర్‌ఓ చేత విచారణ చేయించమని అడగాలి. పిల్లలు చూడకపోతే 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీఓ దగ్గరకు కూడా వెళ్లొచ్చు. భూమి లెక్క కూడా ఇంతే. ఆకివీడు వైపు ఇరవై ఎకరాల చేపల చెరువు కౌలుకు చేసేవాడి పేరు మీద సెంటు కూడా ఉండదు కాబట్టి దర్జాగా అర్హుడు, చౌడెక్కి పంట రాని మూడెకరాల పది సెంట్లున్న ముసలమ్మ అనర్హురాలు. ఏం న్యాయమో!

కార్డు మీద వచ్చే బియ్యం మేం తినం. వీధిలోకే వచ్చి కిలోకింత అని కొనుక్కుపోతున్నారు. మా బియ్యం మేం అమ్ముకుంటే అదీ నేరమేనా? (మండపేట)

రైస్ మిల్లుల ఊరు మండపేటలో ఉండి ఈ ప్రశ్న నన్నడుగుతున్నారా! నేరమే. ఆ బియ్యం మీరు తినడానికి ఇచ్చింది, అమ్ముకోవడానికి కాదు. కొనేవాడి మీద నిత్యావసర వస్తువుల చట్టం కింద 6ఏ కేసు (సరుకు జప్తు చేసేది) పెడతారు.

మీ దగ్గర ఇరవై కిలోలు కొన్న మనిషికి మిగిలేది తక్కువే, లాభమంతా పైన ఉంది. ప్రభుత్వం రైతు దగ్గర ధాన్యం కొని మిల్లుకిస్తుంది, క్వింటాలుకు 67 కిలోల పచ్చి బియ్యం మిల్లరు తిరిగివ్వాలి. కొందరు ఏం చేస్తారంటే, ఆ ధాన్యం ఆడించి మంచి ధరకు బయట అమ్మేసుకుంటారు, ప్రభుత్వానికి ఇవ్వాల్సిన లెక్కలోకి మీ వీధిలో కొన్న రేషన్ బియ్యాన్నే మళ్లీ పాలిష్ పట్టించి పంపేస్తారు. ఒకే బియ్యానికి ప్రభుత్వం రెండుసార్లు డబ్బు కట్టినట్టు. ఇంకొంత ఓడలెక్కి పోతుంది. 2024 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కాకినాడ పోర్టుకు వెళ్లి స్టెల్లా ఎల్ అనే ఓడ విషయంలో చేసిన హడావుడి టీవీలో చూసే ఉంటారు.

పట్టుకున్న బస్తా రేషన్‌దేనని ఎలా తేలుస్తారని చాలామంది అడుగుతుంటారు. మీరందరూ "ప్లాస్టిక్ బియ్యం" అని ఏరి పారేస్తారే, ఆ గింజలే సాక్ష్యం. అవి ప్లాస్టిక్ కాదు, బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజ ఆకారంలో చేసినవి, వంద గింజలకు ఒకటి చొప్పున రేషన్ బియ్యంలో కలుపుతూ వచ్చారు. దోసిట్లోకి తీసుకుని వెతికితే కొంచెం పసుపు రంగులో కనపడతాయి, పరీక్షకు వాడే రసాయనం చుక్క వేస్తే ఐరన్‌కు ఎర్రబడతాయి. పాలిష్ పట్టినా అన్నీ పోవు. నేను చెప్పేది, తినండి. దాళ్వా ముతక బియ్యమైనా ఇడ్లీ రవ్వకు, దోసెలకు బ్రహ్మాండంగా ఉంటాయి.

వేట నిషేధం డబ్బుల జాబితాలో పడవ ముఖం చూడని వాళ్ల పేర్లున్నాయి. మా ఇద్దరు అన్నదమ్ములం నిజంగా వేటకెళ్తాం, మా తమ్ముడి పేరు లేదు. (సఖినేటిపల్లి)

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, దానికిచ్చే సాయం పది వేల నుంచి 2025లో ఇరవై వేలైంది. మొత్తం పెరిగినకొద్దీ జాబితాలో "మత్స్యకారులు" కూడా పెరగడం సహజమే లెండి. మత్స్యశాఖ వాళ్లు నిషేధం మొదట్లోనే రేవులకొచ్చి పడవల వారీగా కళాసీల (పడవ మీద పనిచేసేవాళ్ల) పేర్లు రాసుకుంటారు. ఆ రోజు పడవ దగ్గర మనిషి ఉండాలి, అదే అసలు పరీక్ష. మీ తమ్ముడు ఆ రోజు లేడేమో కనుక్కోండి. తర్వాత ముసాయిదా జాబితా సచివాలయంలో అంటిస్తారు, అభ్యంతరాలు అప్పుడే ఇవ్వాలి, డబ్బు పడ్డాక అరిస్తే వచ్చే ఏడాదికే. దొంగ పేర్లకు ఒప్పుకునేది పడవ యజమానే కాబట్టి, ఫలానా రిజిస్ట్రేషన్ నంబరు పడవ కింద ఇంతమంది ఎలా పట్టారని అడగండి. ఊళ్లో కాపలా పెట్టినట్టు తిరగక్కర్లేదు, ఆ నంబరు ఒక్కటి చాలు.

మా అబ్బాయి ఇంగ్లండులో చదువు అయ్యాక ఉద్యోగంలో చేరాడు. ఇల్లు వాడి పేరు మీద, కౌన్సిల్ ట్యాక్స్‌లో (అక్కడి స్థానిక సంస్థ వేసే ఇంటి పన్ను) "ఒంటరిగా ఉంటున్నా" అని 25 శాతం రాయితీ తీసుకున్నాడు. మన భీమవరం, తణుకు పిల్లలు ఇంకో ముగ్గురు అదే ఇంట్లో ఉంటున్నారు. ఇప్పుడు కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చిందట. వీసా పోతుందా? (నరసాపురం)

ముందు ఆ ముగ్గురూ ఏం చేస్తున్నారో అడగండి. ఫుల్ టైమ్ విద్యార్థులైతే వాళ్లను లెక్కలోకి తీసుకోరు, అప్పుడు మీవాడు ఒక్కడే లెక్కకొస్తాడు, రాయితీ సరైనదే, యూనివర్సిటీ కాగితాలు పంపితే అయిపోతుంది. ఆ ముగ్గురిలో ఒక్కడికి కోర్సు ముగిసినా రాయితీ పోతుంది, ముగిసినప్పటి నుంచి తేడా కట్టాలి. చెప్పనందుకు 70 పౌండ్ల జరిమానా వేసే అధికారం కౌన్సిల్‌కు ఉంది, కావాలని అబద్ధం చెప్పినట్టు తేలితే కోర్టు దాకా పోతుంది.

ఎలా దొరికాడంటే, అక్కడ నేషనల్ ఫ్రాడ్ ఇనిషియేటివ్ అని 1996 నుంచి ఉంది, ఒంటరి రాయితీ తీసుకున్న ఇళ్ల జాబితాను ఓటర్ల జాబితాతో పోల్చి చూస్తుంది. కామన్వెల్త్ దేశస్తులు కాబట్టి మన పిల్లలకు అక్కడ ఓటు నమోదు ఉంటుంది, క్రెడిట్ స్కోరు పెరుగుతుందని అందరూ చేయించుకుంటారు. ఒకే అడ్రసులో నాలుగు ఓట్లు, ఒంటరి రాయితీ! ఇక వీసా గురించి: "ప్రభుత్వ సాయం తీసుకోరాదు" అన్న షరతులోకి ఈ 25 శాతం రాయితీ రాదు. తక్కువ ఆదాయం వాళ్లకిచ్చే కౌన్సిల్ ట్యాక్స్ తగ్గింపు, హౌసింగ్ బెనిఫిట్, యూనివర్సల్ క్రెడిట్ మాత్రం వస్తాయి, అవి గానీ అప్లై చేసి ఉంటే వెంటనే అక్కడి లాయరును కలవమనండి. ఉత్తరానికి జవాబివ్వకుండా మాత్రం కూర్చోవద్దు.

"మీ పింఛను నోటీసు తీయించేస్తాం, ఐదు వేలు పంపి ఓటీపీ చెప్పండి" అని ఫోనొచ్చింది. అవతలివాడికి నా ఆధార్ నంబరు కూడా తెలుసు. (అమలాపురం)

పెట్టేయండి ఫోను. ఏ ఆఫీసూ ఓటీపీ అడిగి నోటీసు తీయదు. డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి చేయండి, మొదటి గంటల్లో చెబితే ఖాతా ఆపే వీలుంటుంది. మీ ఆధార్ నంబరు వాడి దాకా ఎలా చేరిందో కూడా అర్జీలో రాయండి, ఎందుకంటే నోటీసు ఎవరికొచ్చిందో ఊళ్లో తెలిసినవాళ్లు కొద్దిమందే ఉంటారు.